జడకీ కాదు, దేవుడికీ కాదు

ఎండ కంచె దాటి పెరట్లోకి దిగేసరికి ఆ తుమ్మెద వచ్చేస్తుంది. మెడ మీద పసుపు నూగు, వెనక భాగమంతా నున్నటి నలుపు. మా పందిరి దూలానికి గుండ్రంగా బెజ్జం తొలిచి అందులో కాపురముంటున్నది ఇదేనని నా అనుమానం. సాల్వియా గుత్తి మీద వాలుతుంది గానీ, పువ్వు పెదవి చాపి తలుపు తెరిచి పెట్టిన వైపు మాత్రం వెళ్ళదు. కిందికి దిగి, పూగొట్టం తొడిమెను కలిసే చోట కూర్చుని, చిన్న గాటు పెట్టి, అందులోంచే తేనె తాగి, పక్క పువ్వు మీదికి పోతుంది. దాని ఒంటికి పుప్పొడి అంటదు, కాబట్టి మరో పువ్వుకి ఇచ్చేదీ ఏమీ ఉండదు. ఇంకాసేపటికి తేనెటీగలు వచ్చి ఆ గాట్లలోంచే మిగిలింది పీల్చుకుంటాయి. చేతిలో కాఫీ చల్లారిపోతున్నా అలా చూస్తూ నిలబడతాను. నన్ను వేధిస్తున్నది ఆ దొంగతనం కాదనుకుంటాను. అది చూసిన ప్రతిసారీ నాలో పుట్టుకొచ్చే చిరాకు ఉంది చూడండి, అది. మొక్క నేను కొన్నదే, నిజమే. కానీ ఆ తేనె నేను తాగేది కాదు, ఆ గింజలు నేను దాచుకునేవీ కావు. మరి పువ్వు తరఫున వకాల్తా నాకెవరిచ్చారు?

ఈ ప్రశ్న నాలో మొలవడానికి ముందు మా అమ్మ ఇంకో ప్రశ్న వేసింది. డాలస్‌కి ఉత్తరాన మా ఇంటికి ఆవిడ ఎండాకాలం ముందు వచ్చి చలి మొదలయ్యేలోగా వెళ్ళిపోతుంటుంది. ఈ దేశంలో తెలుగువాళ్ళ పెరడు ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. గోంగూర మడి, తోటకూర, పందిరికి బీర, కంచెకి కాకర, చలికాలం గ్యారేజీలోకి మోసుకెళ్ళడానికి వీలుగా కుండీల్లో మల్లె, కరివేపాకు. మా పెరట్లోనూ అవన్నీ ఉన్నాయి. కాకపోతే బాగా ఎండ పడే మేలైన జాగా అంతా సాల్వియాలకిచ్చేశాను. అమ్మ దిగిన మర్నాడు పొద్దున్నే చెప్పులు లేకుండా పెరడంతా తిరిగొచ్చింది. "ఏందే అమ్మాయ్, ఆ నీలంవి, ఎర్రయ్యి? జడలోకా, దేవుడికా?" అంది. రెండిటికీ కాదమ్మా అన్నాను. దండ కడితే కాడ నిలవదు, వాసన ఉండేది ఆకుకే గానీ పువ్వుకి కాదు. "కూరకీ కాదు గదా?" కాదు. "మరెందుకే?" తేనెటీగలొస్తాయమ్మా, సీతాకోకచిలుకలొస్తాయి, అన్నాను. అమ్మ నా వైపు చూసిన చూపులో కోపం లేదు. కూతురు చదువుకున్నదే గదా, ఇలా ఎందుకైంది అన్న విస్మయం మాత్రం ఉంది.

అంతకంటే పెద్ద విస్మయం వినాయక చవితికి వచ్చింది. ఇక్కడి ఇళ్ళ ముందు పచ్చటి తివాచీలా పరిచే గడ్డిని బెర్ముడా అంటారు. దానికి నీళ్ళు పెట్టి, ఎరువు వేసి, వారం వారం కోయించడానికి జనం ఖర్చు పెట్టే డబ్బుకి అంతుండదు. చవితి ముందు అమ్మ వంగి ఒక పోచ పీకి, గణుపు చూసి, పక్కున నవ్వింది. గరిక! అవును, అదే. వృక్షశాస్త్రంలో సైనోడాన్ డాక్టిలాన్, పూజలో దూర్వాయుగ్మం. పాత ప్రపంచం నుంచి ఎప్పుడో వలస వచ్చి అమెరికా దక్షిణ రాష్ట్రాలన్నీ ఆక్రమించిన గడ్డి. ఆ గరికనే నేను పార పెట్టి తవ్వించి, అట్టలు పరిచి, ఆ జాగాలో సాల్వియాలు నాటాను. "దేవుడికి పనికొచ్చేదాన్ని పీకి, ఎందుకూ పనికిరాని దాన్ని పెట్టావన్నమాట" అని అమ్మ లెక్క తేల్చేసింది. దానికి నా దగ్గర అప్పుడు సమాధానం లేదు. ఇప్పుడు మాత్రం ఉందా?

నేల సంగతిలో మాత్రం మా ఇద్దరికీ పేచీ రాలేదు. అమ్మ పల్నాటి మనిషి, నల్లరేగడిలో పత్తి ఏరిన చెయ్యి. డాలస్ మట్టిని రెండు వేళ్ళ మధ్య నలిపి, ఇది మన నేలేనే అంది. ఈ భాగాన్ని ఇక్కడివాళ్ళు బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. ఇదీ, దక్కను రేగడీ నేలల శాస్త్రంలో ఒకే కోవకు చెందినవి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది, ఇక్కడ కూడా ఒకప్పుడు పత్తే రాజ్యమేలింది. బీటలు ఇంటి పునాదిని కదిలిస్తాయని ఎండాకాలం జనం గోడల చుట్టూ చెమ్మ గొట్టాలు పరిచి ఇంటికి నీళ్ళు పెడతారు. "మొక్కలకి పెడతారు, గొడ్లకి పెడతారు, ఇంటికి నీళ్ళు పెట్టడమేందే!" అని అమ్మ ఫోన్లో అందరికీ చెప్పుకుని నవ్వింది. సాల్వియాకి ఈ జిగురు నేల అంత నచ్చదు. వేళ్ళు నీళ్ళలో నానితే కుళ్ళిపోతుంది. అందుకని మట్టిని గట్టులా ఎత్తి, గులకరాళ్ళు, బాగా చివికిన ఆకు ఎరువు కలపాలి. ఎరువు మరీ ఎక్కువైతే ఆకు బలుస్తుంది గానీ పువ్వు తగ్గుతుంది. ఎండ మాత్రం రోజుకి ఆరు గంటలు పడాల్సిందే. ఓక్ చెట్టు నీడ వాలే చివర ఉన్న మొక్క ఇప్పటికీ కాళ్ళు సాచి, వెలుగు వైపు ఒరిగి, తూలుతూనే ఉంటుంది. బతికే ఉంది, పూయడానికి మనసు లేదు.

నీలి పూలది సాల్వియా ఫారినేసియా. టెక్సాస్, న్యూమెక్సికో, ఆ పక్క మెక్సికో దాని సొంత ఊళ్ళు. మన దగ్గర చలికాలం నర్సరీల్లో నల్ల సంచుల్లో పెట్టి అమ్మే నీలి సాల్వియా కూడా ఇదే. అక్కడ ఎక్కువగా ఒక సీజను పెంచి పీకేస్తారు, ఇక్కడ ఏళ్ళ తరబడి బతుకుతుంది. పూకాడ మీదా, పూల కింది తొడుగుల మీదా పిండి చల్లినట్టు తెల్లటి నూగు ఉంటుంది. దూరం నుంచి చూస్తే నీలం మీద పొగమంచు పట్టినట్టనిపిస్తుంది. నా దగ్గరున్న రకం పేరు హెన్రీ డ్యూయెల్‌బర్గ్. సెంట్రల్ టెక్సాస్‌లో ఒక చిన్న శ్మశానంలో, ఆ పేరున్న మనిషి సమాధి మీద, ఎవరూ నీళ్ళు పొయ్యకుండా, ఎవరూ పట్టించుకోకుండా పూస్తుంటే గ్రెగ్ గ్రాంట్ అనే ఉద్యాన నిపుణుడు చూసి తెచ్చాడు. మొక్కకి సమాధిలో ఉన్నాయన పేరే పెట్టాడు. తెల్లపూల రకానికి ఆయన భార్య అగస్టా పేరు పెట్టారు. బతికుండగా ఈ డ్యూయెల్‌బర్గ్ ఏం చేసేవాడో పట్టించుకునే అవసరం నర్సరీలకి లేదు. చనిపోయాక మాత్రం టెక్సాస్ పెరళ్ళన్నిటిలోకీ వచ్చేశాడు. ఇక తుమ్మెద గాట్లు పెట్టే ఎర్రదీ గులాబీదీ సాల్వియా గ్రెగ్గీ. జొసయా గ్రెగ్ అనే వర్తకుడు సంతఫే దారిలో బండ్లు తోలి, 1844లో ప్రెయిరీల వ్యాపారం గురించి పెద్ద పుస్తకం రాసి, తీరిక దొరికినప్పుడల్లా మొక్కలు ఏరి శాస్త్రవేత్తలకి పంపించాడు. వాటిలో ఒకదానికి ఆసా గ్రే ఈ పేరు పెట్టాడు. సరుకుల బండి వెనక ఎండిన రెమ్మల కట్ట పెట్టుకుని తిరిగిన ఆ మనిషిని తలుచుకుంటే నాకెందుకో ముచ్చటేస్తుంది. ఆ రెమ్మలకి సంతలో ఎవరు ధర కడతారు?

అమ్మకి ఈ చరిత్ర పట్టలేదు. ఓ సాయంత్రం నీళ్ళు పెడుతూ గ్రెగ్గీ ఆకు తుంచి నలిపి వాసన చూసింది. ఇంకోసారి చూసింది. తర్వాత కాండాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించింది. అది దొర్లలేదు, నాలుగు పలకలుగా ఉంది. "ఇది తులసమ్మ చుట్టంలాగుందే" అంది. నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్న సంగతి ఆవిడ వేళ్ళు చెప్పేశాయి. తులసి, పుదీనా, సబ్జా, తుమ్మి, సాల్వియా అన్నీ ఒకే కుటుంబం. పలకల కాండం, ఎదురెదురు ఆకులు, రెండు పెదవుల పువ్వు. ఇప్పుడు ఆరోగ్యం పేరుతో ప్రతి తెలుగింటి ఫ్రిజ్ పక్కనా చేరిన చియా గింజలు కూడా ఒక సాల్వియావే. మెక్సికోలో ఆజ్‌టెక్‌ల నాటి నుంచీ తింటున్న సాల్వియా హిస్పానికా. ఆ మాట చెప్పగానే అమ్మ ముఖంలో కొంచెం మర్యాద కనిపించింది. అయితే పనికొచ్చే మనుషులు ఈ కుటుంబంలోనూ ఉన్నారన్నమాట! శివుడికి తుమ్మిపూలు, విష్ణువుకి తులసి, మనకి చియా. మరి ఈ నీలిది ఎవరికి? ఆవిడ పట్టు వదల్లేదు, నేను బదులు చెప్పలేకపోయాను.

ఇదే ప్రశ్నని తలకిందులు చేసి అడిగిన మనిషి ఒకాయన ఉన్నాడు. బెర్లిన్ పక్కన ష్పాండావ్‌లో బడి పెద్దగా పనిచేసిన క్రిస్టియాన్ కొన్రాడ్ ష్ప్రెంగెల్. 1787లో ఒక అడవి జెరేనియం పువ్వు రేకుల అడుగున సన్నటి నూగు చూసి, ఇది ఉత్తినే ఉండదు, ఏదో పనికొస్తుంది అనుకున్నాడు. లోపలి తేనెని వానచినుకు పలచన చెయ్యకుండా కాపాడటానికని తేల్చుకున్నాడు. అక్కడి నుంచి ఆయనకి పువ్వుల మీదున్న ప్రతి చుక్కా, ప్రతి గీతా, ప్రతి వెంట్రుకా అనుమానాస్పదమైపోయింది. పొలాల వెంట తిరిగి గంటల తరబడి చూశాడు. 1793లో వందల మొక్కల బొమ్మలతో పుస్తకం వేశాడు. పువ్వు రంగూ తేనే వాసనా అన్నీ పురుగుని పిలవడానికేనని అందులో వాదించాడు. మరుసటి ఏడు ఉద్యోగం పోయింది. పుస్తకాన్ని ఆ కాలం దాదాపుగా పట్టించుకోలేదు. గోథే అంతటివాడికే ఆ ధోరణి నచ్చలేదు. ష్ప్రెంగెల్ 1816లో పోయాడు. పాతికేళ్ళ తర్వాత 1841లో రాబర్ట్ బ్రౌన్ చెప్పగా డార్విన్ ఆ పుస్తకం చదివి, దాని విలువ లోకానికి చెప్పాడు. అమ్మా ష్ప్రెంగెలూ అడిగింది ఒక్కటే. ఎందుకు పనికొస్తుంది? ఆవిడ మన వైపు నుంచి అడిగింది, ఆయన పువ్వు వైపు నుంచి అడిగాడు. ప్రయోజనం లేనిది ఉండదన్న నమ్మకం మాత్రం ఇద్దరికీ సమానమే. ఆయనకి దాన్ని పెట్టినవాడు సృష్టికర్త, అమ్మకీ అంతే. వాళ్ళిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే భాష రాకపోయినా మాట కుదిరేదేమో.

ష్ప్రెంగెల్ గీసిన పువ్వుల్లో యూరపు పచ్చికబయళ్ళ సాల్వియా ఒకటి. దాని చుట్టం ఒకటి నా దగ్గరా ఉంది. మే నైట్ అనే ముదురు ఊదా రకం. ష్పాండావ్‌కి ఎంతో దూరం లేని పోట్స్‌డామ్‌లో కార్ల్ ఫోర్‌స్టర్ 1956లో బయటికి తెచ్చిన మొక్క. మా ఎండకి అలిసిపోతుంది గానీ వసంతంలో మాత్రం మాట నిలబెట్టుకుంటుంది. దాని పువ్వులోకి ఎండిన పైన్ సూది ఒకటి మెల్లగా తోసి చూశాను. లోపల అడ్డంగా చిన్న పలక తగిలింది. దాన్ని నెట్టగానే పైపెదవిలో దాక్కున్న రెండు కేసరాలు కిందికి వంగి సూది మీద పొడి రాసి, సూది తీయగానే మళ్ళీ పైకి లేచాయి. మా అమ్మమ్మగారి ఊళ్ళో పాత బావి దగ్గర చూసిన ఏతాం గుర్తొచ్చింది. ఒక కొన నొక్కితే రెండో కొన కదలడం, అంతే సూత్రం. తేనె కోసం తల దూర్చిన ఈగ ఆ పలకని నెడుతుంది, పుప్పొడి దాని వీపు మీద పడుతుంది. కాళ్ళతో తుడుచుకోవడానికి సులువుగా అందని చోటది. ఒకటి రెండు రోజులకి పువ్వు ముదిరాక కేసరాల పని అయిపోతుంది. అప్పుడు కీలం సాగి కిందికి వంగి, వచ్చే ఈగ వీపుని సరిగ్గా అక్కడే తాకుతుంది. తన పుప్పొడి తనకే అంటకుండా ముందు ఇవ్వడం, తర్వాత పుచ్చుకోవడం. మన తులసిలో ఇది పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ కేసరాలు కిందిపెదవి మీదుగా చాచి ఉంటాయి, పొడి ఈగ పొట్టకి అంటుతుంది. ఒకే ఈగ పొట్ట మీద తులసి, వీపు మీద సాల్వియా మోసుకుని పోవచ్చు. ఈ రెండిటి మధ్యా పొరపాటు కూడా జరగదు. రెండు శాఖల చుట్టాలు ఒకే బండిలో వేరు వేరు చోట్ల సామాను పెట్టుకున్నారనుకుని నవ్వుకున్నాను.

ఇంత చూశాక మన కవుల తుమ్మెదని ఇంకోసారి చదవాలనిపించింది. భాగవతంలో ఒక గోపిక భ్రమరాన్ని చూసి, మీసాలకి ఎవరి దండల మీది కుంకుమో పూసుకొచ్చావు, మా పాదాలు తాకకు పొమ్మని కసురుకుంటుంది. విరహం సంగతి అలా ఉంచండి. పువ్వు లోంచి వచ్చే తుమ్మెద మొహం మీద రంగు పొడి ఉంటుందని ఎవరో దగ్గరగా చూస్తే తప్ప ఆ నింద పుట్టదు కదా? పోతన ప్రహ్లాదుడు మందారం తేనె మరిగిన తుమ్మెద ఉమ్మెత్త దగ్గరికి పోదంటాడు. భక్తి మాట అది. కానీ తేనెటీగ ఒక్కో విడత బయటికొచ్చినప్పుడు ఎక్కువగా ఒకే జాతి పువ్వుని పట్టుకుని తిరుగుతుందన్న సంగతి అరిస్టాటిల్ కూడా గమనించాడు. మందారం మరిగిన ఈగ ఆ పూటకి నిజంగానే ఉమ్మెత్తకి పోదు. ఈ నిజం నాకు చిక్కు తెచ్చిపెట్టింది. ఎందుకంటే అమ్మని ఒప్పించడానికి నేనొక వాదన తయారుచేసుకున్నాను. సాల్వియా ఉంటే తేనెటీగలొస్తాయి, వస్తే దోస, గుమ్మడి పిందె పడుతుంది, కాబట్టి ఇది పనికొచ్చేదే. అమ్మ ఆ మాటకి మెత్తబడింది కూడా. కానీ పొద్దున్నే సాల్వియా పట్టుకున్న ఈగ ఆ పూట గుమ్మడి వైపు చూడకపోవచ్చు. గుమ్మడిపువ్వుకి ఈ దేశంలో దాని సొంత ఈగలున్నాయి, సూర్యుడు లేవకముందే వచ్చి పని ముగించుకుపోతాయి. బీరపువ్వయితే సాయంత్రానికి గానీ విచ్చదు. సాల్వియా చూసి పెరట్లోకి ఎక్కువ ఈగలొస్తే అందులో కొన్ని దోస మీదికీ పోతాయి, అబద్ధం కాదు. అంతమాత్రాన నేను సాల్వియా పెట్టింది దోసకాయల కోసమా? కాదు. దానికి ఉద్యోగం చూపించి మర్యాద సంపాదించిపెట్టాలన్న తాపత్రయం అది.

ఎర్ర సాల్వియాల కథ వేరు. తేనెటీగకి ఎరుపు రంగుగా కనపడదని 1914 ప్రాంతంలోనే కార్ల్ ఫాన్ ఫ్రిష్ రంగు కాగితాలూ పంచదార నీళ్ళూ పెట్టి తేల్చాడు. ఎరుపు పిలిచేది పిట్టల్ని. సెప్టెంబరులో రూబీ కంఠపు హమ్మింగ్‌బర్డ్‌లు మా ఊరి మీదుగా దక్షిణానికి పోతాయి. మూడు గ్రాముల బరువు, సెకనుకి యాభై సార్లు కొట్టుకునే రెక్కలు, ముందు గల్ఫ్ సముద్రపు ప్రయాణం. గ్రెగ్గీ ముందు ఒకటి గాల్లో నిలబడితే అమ్మ, తేనెపిట్ట అంది. మన తేనెపిట్ట కొమ్మ మీద వాలి తాగుతుంది, దీనికి వాలే పని లేదు. "కూర్చోదేందే ఇది? కాళ్ళు లేవా?" అని ఆ పూటంతా అమ్మ కుర్చీ వేసుకుని దాన్నే చూసింది. పప్పు అడుగంటిన సంగతి ఇద్దరం మరిచిపోయాం. ఇంతకీ మన పార్కుల్లో చలికాలం వరసలు వరసలుగా కనిపించే ఆ నిప్పు రంగు సాల్వియా ఉంది చూశారూ, సాల్వియా స్ప్లెండెన్స్, అది బ్రెజిల్ మొక్క. అక్కడి హమ్మింగ్‌బర్డ్‌ల కోసం పొడుగాటి గొట్టం కట్టుకున్న పువ్వు. కాలేజీ రోజుల్లో హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో దాని ఎర్రటి మళ్ళ పక్కన కూర్చుని పల్లీలు తింటూ కబుర్లాడుకున్న సాయంత్రాలు నాకున్నాయి. పువ్వు పీకి వెనక కొన చప్పరిస్తే తీపి చుక్క తగిలేది. నూరువరహాల పూలతో చిన్నప్పుడు చేసిన పనే. ఏ పిట్ట కోసం దాచిన తేనె అది, ఏ ఖండంలో ఎవరి నోట్లో పడింది! అప్పుడు ఆ ఆలోచన రాలేదు, వచ్చుంటే మాత్రం మానేదాన్నా?

ఇప్పుడు 'పరాగ సంపర్క తోట' అనేది ఇక్కడ ఒక ఫ్యాషన్ కూడా అయింది. చిన్న చిన్న బోర్డులు అమ్ముతారు, తేనెటీగల హోటళ్ళని వెదురు గొట్టాల పెట్టెలు అమ్ముతారు. తేనెటీగల్ని రక్షిస్తున్నామని చెప్పుకుంటారు. ఆ తేనెటీగ మాత్రం అమెరికాది కాదు. 1622లో ఓడలెక్కి వర్జీనియాకి వచ్చిన పెంపుడు జీవి, నాలాగే వీసా మీద వచ్చినట్టు లెక్క. ఈ దేశపు సొంత ఈగలు దాదాపు నాలుగువేల జాతులున్నాయి. ఎక్కువ భాగం ఒంటరివి, నేల బొరియల్లో, ఎండు కాడల్లో ఉండేవి, పేరు కూడా ఎవరికీ తెలియనివి. వాటికి పువ్వొకటే చాలదు. బోసి నేల కావాలి, చలికాలం కొట్టెయ్యని ఎండు కాడలు కావాలి, అంటే మన కంటికి కాస్త అశుభ్రంగా ఉండాలి. మా కాలనీ సంఘం నుంచి ముందు పెరడు సరిగా లేదని ఉత్తరం వచ్చింది. కరువుకి తట్టుకునే మొక్కల్ని ఇలాంటి సంఘాలు బొత్తిగా అడ్డుకోకూడదని టెక్సాస్‌లో 2013లో చట్టమైతే చేశారు. ప్లాను చూపించి ఒప్పించుకోమనడానికి మాత్రం వాటికి వీలుంది. ఒప్పించుకున్నాను. అంచుల్లో ఇటుకలు పేర్చాను, ఎండు కాడల్ని పెరటి వైపుకి పరిమితం చేశాను. అందంగా ఉంటేనే సహిస్తారు, అందంగా ఉండాలంటే ఈగల ఇళ్ళు ఊడ్చెయ్యాలి. ఈ ముడి నాకు ఇంకా విడలేదు. నర్సరీల సంగతీ అంతే. ఈగలకి మంచిదని చీటీ కట్టిన మొక్కకే లోపల మొక్కంతా పాకే పురుగుమందు పట్టించి ఉండవచ్చు. అదే విషం తేనెలోకీ పుప్పొడిలోకీ దిగుతుంది.

2021 ఫిబ్రవరి తుఫానులో డాలస్ విమానాశ్రయం దగ్గర సున్నాకి దిగువన పందొమ్మిది డిగ్రీల సెల్సియస్ దాకా చలి పడింది. కరెంటు పోయింది. గ్యారేజీలో దుప్పటి కప్పిన అమ్మ మల్లె కూడా పోయింది. సాల్వియాలన్నీ నల్లటి పుల్లలై నిలబడ్డాయి. పీకెయ్యకుండా ఉండటానికి కారణం తెలివేమీ కాదు, బద్ధకం. ఏప్రిల్లో వేరు మొదటి నుంచి చిగుళ్ళు వచ్చాయి. అమ్మకి ఫోన్లో చూపిస్తే మల్లె గురించి కాసేపు బాధపడి, "పనికిరానోళ్ళకి ఆయుష్షెక్కువే" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంది, ఎక్కడో ఒప్పుదల కూడా ఉందనుకుంటాను. ఎందుకంటే ఆ తర్వాత వచ్చినప్పుడు సాల్వియాల దగ్గర కుర్చీ వేసింది ఆవిడే. పూజకి వాటిని కోయలేదు, అవి ఎందుకని అడగనూ లేదు. అయితే ఆవిడ మారిపోయిందని కథ అల్లడం నాకిష్టం లేదు. గోంగూర మడి ఇంకో రెండడుగులు సాల్వియాల వైపు జరిగింది కూడా ఆ ఏడే.

నా ప్రశ్నకి నాకు తోచిన సమాధానం ఇంతవరకే. మనం పెంచే పూలన్నీ మన వైపు తిరిగి ఉంటాయి, జడ కోసం, పటం కోసం, పెళ్ళి పందిరి కోసం. అవి లేకపోతే మన బతుకుకి వాసన ఉండదు, వాటిని తక్కువ చెయ్యను. సాల్వియా మాత్రం తన వీపు మనవైపు, ముఖం ఇంకెవరి వైపో పెట్టి నిలబడుతుంది. దానికీ ఈగకీ మధ్య లక్షల ఏళ్ళ నాటి ఇచ్చిపుచ్చుకోవడాలున్నాయి. మోసాలున్నాయి, కన్నాలున్నాయి, అప్పులున్నాయి. వాటిలో నాకు పాత్ర లేదు. నీళ్ళు పెట్టిన మాట నిజమే గానీ, ఎత్తు గట్టులో వేళ్ళు దిగాక అదీ పెద్దగా అడగదు. తుమ్మెద మీద నాకొచ్చే చిరాకు, ఆ వ్యవహారంలో నాకూ ఒక వాటా ఉందనుకోవడంలోంచి వస్తోంది. వాటా లేదు. రోజంతా ఎవరో ఒకరు ఏదో ఒక పనికి నన్ను పిలిచే ఇంట్లో, నా అవసరం ఏమాత్రం లేకుండా నిండుగా జరిగిపోయే వ్యవహారం ఒకటుంది. దాని పక్కన నిలబడి కాఫీ తాగడం నాకు బాగుంటుంది. ఈ బాగుండటం కూడా ఒక ప్రయోజనమేనని అమ్మ అంటే ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు.

మీకూ ఆరు గంటల ఎండ పడే జాగా ఉంటే, డాబా మీద కుండీ అయినా సరే, ఒక నీలి సాల్వియా పెట్టండి. మన ఊళ్ళలో వానలు వెనకబట్టాక సెప్టెంబరు, అక్టోబరుల్లో నారు పోస్తే చలికాలమంతా పూస్తుంది. టెక్సాస్‌లో ఉన్నవాళ్ళు అక్టోబరులోనే మొక్క నాటి, ఏటా ఫిబ్రవరి చివర సగానికి కత్తిరించండి. పక్కన దానంతటదే మొలిచిన తుమ్మి మొక్క ఉంటే కలుపని పీకకండి, తేనెటీగలకి అదీ కావాలి. మొక్క కొనేటప్పుడు మాత్రం పువ్వు రంగు చూసి మురిసిపోయే ముందు, దీనికి ఏ మందు కొట్టారని నర్సరీవాళ్ళని ఒక్క మాట అడగండి. సరైన జవాబు రాకపోతే ఆ మొక్క కొనకుండా, విత్తనం తెచ్చి నారు మీరే పోసుకోండి.